పాకం బిళ్లకు అమ్మిన ఎర్రెద్దు

"కల రాలేదని చెప్తే పిల్లను తక్కువ చేస్తారు. వచ్చిందని చెప్తే ఆ అబద్ధాన్ని అది బతికినన్నాళ్లూ మొయ్యాలి. ఏది తక్కువ నష్టమో నాకు తేలడం లేదు మామ్మగారూ. భయంగా ఉంది."

సొల్హి ఈ మాట అన్నప్పుడు దొక్సిమ్ మామ్మ పొయ్యి మీదున్న కొత్త ఇనప కాగు లోపలంతా పంది కొవ్వు ముక్కతో రుద్దుతోంది. తల ఎత్తలేదు. కాగు అడుగున పొగ లేచేదాకా రుద్ది, కొవ్వు ముక్కను తట్టలో పడేసి, చేతులు తుడుచుకుంది.

"ఆదివారం కదా పుట్టినరోజు?"

"అవునండీ. మీ తమ్ముడుగారు అందరి ముందూ అడుగుతారు."

మాసాన్ చేపల సంత వెనక సందులో ఉంది ఆ కాగుల కొట్టు. ముందు గదిలో చిన్నవి, వెనక వసారాలో పదిమందికి వండే పెద్దవి బోర్లించి ఉంటాయి. ఎండుచేపలు అమ్మే ఆడవాళ్లు పొద్దున్నే తలుపు తోసి "అక్కా, బతికే ఉన్నావా" అని అడుగుతారు. "నువ్వు బాకీ తీర్చేదాకా ఉంటాలే" అంటుంది మామ్మ. ఎనభై అయిదేళ్ల ఆ మనిషి కొండమీద పెద్ద ఇంట్లో పుట్టిందని, కొరియా దేశపు ఓడల ఇంజిన్లలో సగం వాటికి పోత ఇనుము పోసే కంపెనీ ఛైర్మన్ ఆమె సొంత తమ్ముడని సంతలో అందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోరు. ఆమె కూడా పట్టించుకోదు. ఛైర్మన్‌గారి డ్రైవరు నల్ల కారును సందు మొదట్లో ఆపితే, "చేపల బండ్లకి దారి వదలరా నాయనా" అని కసురుతుంది.

సొల్హి ఆ ఛైర్మన్ జేగారి మనవడి పెళ్లాం. లోహశాస్త్రం చదువుకుంది. చాంగ్వన్‌లో ఒక పరిశోధనశాలలో విరిగిన ఇనప ముక్కలు ఎందుకు విరిగాయో చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. ప్రతి వస్తువూ ఎక్కడ విరుగుతుందా అని చూడటం అలవాటైపోయిన మనిషికి, నెలలు నిండకుండా పుట్టిన పిల్ల చేతికొస్తే ఎలా ఉంటుంది? నారె పుట్టాక చాలా రోజులు గాజు పెట్టెలో ఉంది. ఇంటికొచ్చాక సొల్హి నిద్రపోతున్న పిల్ల ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసేది. పిల్ల ఏడిస్తే ఎందుకేడ్చిందని భయం, ఏడవకపోతే ఎందుకేడవలేదని భయం.

వీటన్నిటి మీదా ఈ కల గొడవ ఒకటి వచ్చిపడింది.

జే వారింట కడుపు కల లేని మనిషి లేడు. బిడ్డ కడుపులో పడ్డప్పుడు తల్లికో, నాయనమ్మకో, ఎవరో ఒకరికి కల వస్తుంది. ఆ కలే బిడ్డ రాత. మొదటి పుట్టినరోజున జొన్నపిండి ఉండలు పంచాక ఇంటి పెద్ద "ఏ కల వచ్చిందమ్మా" అని అడుగుతాడు, తల్లి లేచి చెబుతుంది. సొల్హి చినమామగారు కడుపులో ఉన్నప్పుడు కలలో పెద్ద పులి వచ్చి గుమ్మంలో కూర్చుందట, అందుకని అమ్మకాల శాఖ ఆయనకిచ్చారు. ఆయన కొడుక్కి డ్రాగన్ వచ్చింది. మామగారికి బంగారు చేప. వీటన్నిటికీ మూలం ఛైర్మన్‌గారి కల: కొలిమి తలుపు తెరుచుకుని, కొమ్ములు కరిగిన ఇనుములా మెరుస్తూ, ఒక ఎర్రెద్దు బయటికి నడిచివచ్చిందట. కంపెనీ గుర్తు కూడా ఎర్రెద్దే. ఫ్యాక్టరీ గేటు మీద ఉంటుంది, క్యాంటీన్ పళ్లేల మీద ఉంటుంది.

సొల్హికి ఏ కలా రాలేదు. వాంతులు వచ్చాయి, బీపీ వచ్చింది, నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. కల మాత్రం రాలేదు.

"ఏదో పంది వచ్చిందని చెప్పెయ్" అన్నాడు ఆమె భర్త గ్యుహో, బూట్ల లేసులు కట్టుకుంటూ. "పందిని ఎవరూ కాదనరు. అదృష్టం."

"రాని పందిని ఎలా చెప్పను?"

"మనింట్లో వచ్చిన పులులన్నీ నిజంగా వచ్చాయంటావా?"

అత్తగారు మాత్రం ఇంకో దారి చెప్పింది. "దొక్సిమ్ మామ్మ దగ్గరికి వెళ్లు. ఆవిడకి కలలు బోలెడు. ఒకటి కొనుక్కో. కల కొనుక్కోవడం మనలో ఎప్పటినుంచో ఉన్నదే, అబద్ధం కిందకి రాదు. ఏదైనా చేతిలో పెట్టి తీసుకుంటే అది నీదే అవుతుంది."

అందుకే సొల్హి సెలవు పెట్టి, సంచిలో ఒక పట్టు రుమాలు పెట్టుకుని, చంకలో నారెను వేసుకుని ఆ కొట్టుకి వచ్చింది.

"సంచిలో ఏంటది?" అంది మామ్మ.

"పట్టు రుమాలండీ. మీ కల ఒకటి..."

"మీ అత్త పంపిందా?"

సొల్హి తల ఊపింది. మామ్మ రుమాలు తీసి వెలుతురులో చూసింది, మెడకి చుట్టుకుంది, అద్దంలో చూసుకుంది.

"బాగుంది. ఇది నాకు బహుమతి అనుకుంటా. కల మాత్రం ఇవ్వను."

"ఎందుకండీ?"

"ఒకసారి అమ్మాను. చాలు."

ఆ తర్వాత ఆమె పిల్లను తీసుకుని ఒక బోర్లించిన కాగు మీద కూర్చోబెట్టి, వేళ్లతో కాగును వాయిస్తూ చెప్పింది. "ఇది నువ్వు ఎక్కడా అనకూడదు. మాటివ్వు." సొల్హి మాటిచ్చింది.

"ఆ ఎర్రెద్దు నాది" అంది మామ్మ.

సొల్హికి అర్థం కాలేదు.

"మా అమ్మకి ఆ కల నేను కడుపులో ఉన్నప్పుడు వచ్చింది. మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. ఎద్దంటే మగపిల్లాడే అని పేరు కూడా రాయించాడు. తీరా చూస్తే నేను."

"అప్పుడేం చేశారు?"

"ఏం చేస్తారు? ఎద్దుని కట్టేసి ఉంచారు, అసలు ఆసామీ వచ్చేదాకా." మామ్మ నవ్వింది. "అయిదేళ్లకి తమ్ముడు పుట్టాడు. వాడు కడుపులో ఉన్నప్పుడు మా అమ్మకి కలా లేదు, కాకరకాయా లేదు. యుద్ధంలో తిండే లేదు, కలలెక్కడివి? జపాన్ వాళ్లు తుపాకులకని ఇంటింటి కాగులూ పట్టుకుపోయారు. వాళ్లు పోయాక అందరికీ కాగులు కావాలి. మా నాన్న అప్పుడే కొలిమి పెద్దది చేశాడు. వాడి మొదటి పుట్టినరోజుకి ఇనుము వర్తకులందరినీ పిలిచాడు. వారసుడికి కల లేదంటే పరువేం కావాలి?"

ఆ ఉదయం వీధిలో పాకం అమ్మేవాడు కత్తెర టకటకలాడించుకుంటూ వచ్చాడు. డబ్బు తీసుకోడు వాడు. విరిగిన తాళం, అరిగిన నాగలి కర్రు, ఏదో పాత ఇనుము ఇస్తే పాకం బిళ్ల కొట్టి ఇస్తాడు. ఆ పాత ఇనుమంతా మళ్లీ జే వారి కొలిమికే వచ్చేది. నాన్న ఆరేళ్ల దొక్సిమ్‌ను పిలిచి, పాకంవాడి దగ్గర పెద్ద బిళ్ల కొట్టించి, "అమ్మాయ్, నీ ఎద్దుని తమ్ముడికి అమ్ముతావా?" అని అడిగాడు. ఆమె బిళ్ల ఎంత ఉందో చూసింది. "ఇంకొంచెం" అంది. ఇంకొంచెం కొట్టారు. నిద్రపోతున్న తమ్ముడి చేతిలో బిళ్ల పెట్టి, ఆ చేతిలోంచి దొక్సిమ్ తీసుకుంది. అమ్మకం అయిపోయింది.

"పాత ఇనుము ధరకి అమ్మేశా" అంది మామ్మ. "కాని ఎద్దుకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు."

దొక్సిమ్ బతుకు తెలిసిన వాళ్లు ఆ మాటకి నవ్వరు. ఎందుకంటే అది నిజం. తర్వాత వచ్చిన కొరియా యుద్ధం నుంచి పారిపోయిన జనంతో మాసాన్ నిండిపోయినప్పుడు ఆమెకి పదకొండేళ్లు. తట్ట నెత్తిన పెట్టుకుని కాగులు గుడారాల దగ్గరికి మోసి, రొక్కం లేనివాళ్ల దగ్గర ఎండుచేపలు తీసుకుని, ఆ చేపల్ని కొలిమి పనివాళ్లకి కూలిగా కట్టింది. ఇరవయ్యేళ్లప్పుడు పెద్ద గాలివాన వచ్చింది. తండ్రి బూసాన్‌లో ఉన్నాడు, తమ్ముడు సియోల్‌లో చదువుకుంటున్నాడు. సముద్రం పెరట్లోకి వస్తోంది. కొలిమి నిండా కరిగిన ఇనుము. నీళ్లు దాన్ని ముట్టుకుంటే కొలిమి పేలి సందంతా పోతుంది. పనివాళ్లు పారిపోతుంటే ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి, "పోయేవాళ్లు పొండి, రేపు నా ఇంట్లో గంజి అడగొద్దు" అంది. నలుగురు ఆగారు. వాళ్లతో కలిసి మెరక మీద పొడి ఇసుక పరిచి, కొలిమి అడుగున మట్టి బిరడా పొడిచి ఇనుమంతా అక్కడికి వదిలేసింది. నీళ్లు వచ్చేసరికి కొలిమి ఖాళీ. సందు నిలిచింది. ఆ ఏడాది ఫ్యాక్టరీ నిలబడ్డది కూడా అందువల్లే.

కంపెనీ చరిత్ర అని అట్టవేసి ప్రతి కొత్త ఉద్యోగికీ ఇచ్చే పుస్తకంలో మాత్రం, ఎర్రెద్దు కలతో పుట్టిన వారసుడి జాతకబలం వల్ల కొలిమి నిలిచిందని ఉంటుంది.

"మీకు కోపం రాలేదా?" అంది సొల్హి.

"వచ్చింది. ఇసుక ఎత్తుతుంటే పోయింది."

చెక్క అచ్చులు చేసే మో సాంగ్దో అనే పనివాడిని ఆమె పెళ్లి చేసుకుంది. పెళ్లయిన కూతురు పరాయి మనిషి అన్నారు, వాటా ఇవ్వలేదు. ఓడల పనులు వచ్చాక తమ్ముడు కాగులు పోయడం ఆపేస్తానన్నాడు. ఆ అచ్చులన్నీ తనకివ్వమంది ఆమె. పాత కొలిమిలో భర్తతో కలిసి పోసింది, భర్త పోయాక కూలివాళ్లతో పోయించింది, ఇప్పటికీ పోయిస్తోంది. జే వారి కుటుంబం ఇనుములోంచి వచ్చిందంటే, ఆ ఇనుము వాసన మిగిలిన చోటు ఈ కొట్టొక్కటే. ఆ మాట సొల్హికి అప్పుడు తట్టింది. తను ఈ ఇంటి కోడలు కావడం గొప్పగా అనిపించింది కూడా, అంతవరకూ ఎప్పుడూ అనిపించలేదు.

"మరి ఆదివారం నేనేం చెప్పాలి?"

"అది నీ గొంతు. నన్నడుగుతావేం?" మామ్మ పిల్లను తిరిగి చేతికిచ్చింది. "అమ్మకం మాత్రం లేదు. పిల్లకి ఎవరిదో ఎద్దుని తగిలిస్తే, రేపు ఇది ఏం చేసినా జనం ఎద్దునే మెచ్చుకుంటారు. నాకు తెలుసు."

ఆదివారం కొండమీద ఇంట్లో ఎండ బాగా కాసింది. పెరట్లోంచి సముద్రం, దాని మీద జే వారి పోత ఇనుముతో నడిచే ఓడలు కనిపిస్తున్నాయి. బల్ల మీద నాచు చారు, అన్నం, ఎండు ఆగూ చేప కూర, ఎర్ర పొడి అద్దిన జొన్నపిండి ఉండలు. నారెకు రంగురంగుల చేతుల చొక్కా తొడిగి కూర్చోబెట్టారు. ఏది పట్టుకుంటే ఆ దారిన పోతుందని ముందు దారపు ఉండ, కుంచె, బియ్యం, చిన్న ఇనప గరిటె పెట్టారు. అది గరిటెను పట్టుకుంటుందని అందరూ ముందుకు వంగారు. నారె బియ్యం గుప్పెడు తీసి పక్కనున్న చినమామగారి మీద పోసింది.

"అమ్మకాల శాఖ మీద తిరుగుబాటు" అన్నాడు గ్యుహో. నవ్వారు.

ఉండలు పంచడం అయ్యింది. ఛైర్మన్ జే గ్వాంగ్సిక్ చేతికర్ర ఆనించుకుని సొల్హి వైపు తిరిగాడు. ఎనభై ఏళ్ల మనిషి, గొంతు మాత్రం కొలిమి పక్కన మాట్లాడే గొంతు.

"ఏ కల వచ్చిందమ్మా?"

బల్ల చివర దొక్సిమ్ మామ్మ, మెడకి పట్టు రుమాలుతో, చేప ముల్లు తీసుకుంటోంది. సొల్హి వైపు చూడలేదు. పంది అన్న మాట సొల్హి నాలుక మీదకి వచ్చింది కూడా. ఇంకో మాట కూడా వచ్చింది: మీకూ రాలేదట కదా తాతగారూ. ఆ ఒక్క మాటతో నోళ్లన్నీ మూయించవచ్చు. మాటిచ్చింది గనక మింగేసింది.

"ఏ కలా రాలేదు తాతగారూ" అంది. "నాకే కాదు, ఎవరికీ రాలేదు. ఏదో ఒకటి చెప్పమన్నారు కాని, పిల్ల మీద అబద్ధం పెట్టడం నాకు ఇష్టం లేదు. దీని గురించి నాకు తెలిసింది, ఇది పుట్టాక చూసిందే. గాజు పెట్టెలో ఉండగా నర్సు గొట్టం మార్చబోతే ఆవిడ వేలు పట్టుకుని వదల్లేదు. ఇద్దరు వచ్చి విడిపించాల్సి వచ్చింది. అంతే."

చినమామగారు బియ్యం గింజలు దులుపుకుంటూ, "కొత్తగా ఉంది. జే వారింట ఉత్త చేతులతో దిగిన మొదటి మనిషి" అన్నాడు, మెల్లగానే, అందరికీ వినపడేలా.

అత్తగారు కళ్లు దించుకుంది. సొల్హి పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

ఛైర్మన్ బల్ల చివరికి చూశాడు.

"అక్కా" అన్నాడు.

"ఏంట్రా?"

ఛైర్మన్‌ను ఒరేయ్ అనే మనిషి భూమ్మీద ఆమె ఒక్కతే. విందుకొచ్చిన కంపెనీ డైరెక్టర్లిద్దరు చారు గిన్నెల్లోకి చూశారు.

"ఈ పిల్లకి చెప్పావా?"

"చెప్పాను."

"మరి ఎందుకు అనలేదు?"

"మాటిచ్చింది కాబట్టి. నీ మనవడి పెళ్లాం నీకంటే గట్టిది."

ముసలాయన కర్ర మీద బరువు మోపి లేచాడు. చిన్న కొడుకు వైపు తిరిగి అన్నాడు: "మొదటి మనిషి ఇది కాదురా. నేను. మా అమ్మకి నాకోసం ఏ కలా రాలేదు. ఆ ఎర్రెద్దు మా అక్కది. నాన్న నాకోసం పాకం బిళ్లకి కొన్నాడు. గాలివాననాడు కొలిమి కాపాడింది కూడా అక్కే. నేను సియోల్‌లో లెక్కల పరీక్ష రాస్తున్నాను. అందులో కూడా మార్కులు తక్కువొచ్చాయి."

చినమామగారి నోరు కొద్దిగా తెరుచుకుంది. గ్యుహో నవ్వు ఆపుకోవడానికి మొత్తం ఉండ ఒకేసారి నోట్లో పెట్టుకున్నాడు.

"నీ ఎద్దు నువ్వు తీసుకో అక్కా" అన్నాడు ఛైర్మన్. "పుస్తకంలో మార్పిస్తాను. గేటు మీద నీ పేరు రాయిస్తాను. చాలా ఏళ్లు మోశాను, బరువుగానే ఉంది."

దొక్సిమ్ మామ్మ ముల్లు పక్కన పెట్టి, రుమాలు సర్దుకుంది.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోనురా. పాకం తినేశాను, బాగుంది. పుస్తకంలో గాలివాన సంగతి మాత్రం సరిగ్గా రాయించు, ఆ నలుగురు పనివాళ్ల పేర్లతో. నా పేరు ఎలా రాసినా ఫరవాలేదు, అక్షరం తప్పు పోకపోతే చాలు." ఆగి, ఆయన వైపు చూసింది. "నువ్వు కల లేకుండా పుట్టి ఇంత కంపెనీ నడిపావు. అది ఎద్దుకి ఇచ్చేశావేంరా పిచ్చోడా?"

ముసలాయన కూర్చున్నాడు. కళ్లు ఒత్తుకుని చేప కూర కారంగా ఉందన్నాడు. నిజానికి ఆయన చేప తినలేదు. తర్వాత నారెకు చేతులు చాపి, "ఉత్త చేతుల వాళ్లం ఇద్దరం, రా" అన్నాడు. నారె ఆయన చూపుడువేలు పట్టుకుంది.

సాయంత్రం దొక్సిమ్ మామ్మ కారు వద్దంది, బస్సు చాలంది. సొల్హి ఆమెతో గేటుదాకా నడిచింది. భుజం మీద నారె నిద్రపోయింది. మాట్లాడుతూనే సొల్హి చెయ్యి అలవాటుగా పిల్ల ముక్కు కిందకి వెళ్లింది. మామ్మ ఆ వేలు పట్టుకుని పక్కకి తీసింది.

"ఇవాళ అంతమంది ముందు నిలబడ్డావు. ఇంకా ఏంటి?"

"అది వేరండీ. ఈ భయం పోదు."

"పోదు. నాకూ పోలేదు, ముగ్గుర్ని పెంచాను. పోగొట్టుకోమని ఎవరన్నారు? భయమేసినప్పుడు పిల్ల గురించి ఆలోచించకు, పిల్లని చూడు. ఏం చేస్తోందో పైకి చెప్పు, నోటితో. చెప్పడం అయ్యాక కూడా భయం మిగిలితే డాక్టరు దగ్గరికి వెళ్లు. మిగలకపోతే అన్నం తిను. నువ్వు సన్నబడ్డావు."

బస్సు వచ్చింది, ఆమె ఎక్కింది, ముందు సీటులో కుర్రాడిని లేపి కూర్చుంది.

ఇప్పుడు సొల్హి అదే చేస్తోంది. మొన్న జ్వరం అనుమానం వచ్చినప్పుడు థర్మామీటరు కోసం పరుగెత్తబోయి ఆగి, నేల మీద కూర్చుని పైకి చెప్పింది: నారె చెంచాతో గిన్నె కొడుతోంది, నవ్వుతోంది, గిన్నె దొర్లిపోయింది, పాక్కుంటూ దాని వెనక పోతోంది. గొంతు మామూలుగానే వచ్చింది. లేచి వెళ్లి అన్నం పెట్టుకుంది.